ఊరా, నగరమా? ఇల్లా, సెంటరా? ఎక్కువ సాయం కావాల్సిన పసిబిడ్డ ఉన్న ఇంటికి ఏది నప్పుతుంది

మూడేళ్ల బాబుకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి. దానికి తోడు ఫిట్స్. మెతుకు మింగడం కష్టం, రాత్రి రెండు గంటలకు లేస్తే మళ్లీ తెల్లారేదాకా పడుకోడు. ఇలాంటి ఇంటికి బంధువులు, పక్కింటివాళ్లు, ఫోన్‌లో వీడియోలు చెప్పే సలహా ఒకటే: థెరపీ పెంచండి. దాంతో అమ్మానాన్నల పోలిక కూడా ఏ సెంటర్ మంచిది, వారానికి ఎన్ని సెషన్లు, ఫీజు ఎంత అన్నదగ్గరే ఆగిపోతుంది.

ఇలాంటి కుటుంబాలతో చాలాకాలంగా పనిచేస్తున్నదాన్నిగా, లెక్క ఇంకోచోట మొదలుపెట్టమంటాను. ఈ ఏర్పాటు పెట్టుకుంటే అమ్మకి నిద్ర ఎంత మిగులుతుంది? నాన్నకి బిడ్డని ఎత్తుకుని తినిపించే అవకాశం ఉంటుందా, లేక డబ్బు పంపే మనిషిగా మిగిలిపోతాడా? అక్క చదువు ఏమవుతుంది? అప్పు చేయాల్సి వస్తుందా? ఈ పిల్లలకి కావాల్సింది ఆరు నెలల సాయం కాదు, ఏళ్ల తరబడి సాగేది. ఇల్లు మోయలేని ఏర్పాటు మధ్యలోనే ఆగిపోతుంది, దాంతో బిడ్డకి అందాల్సిందీ ఆగిపోతుంది.

మొదట ఎక్కడికి వెళ్లాలి

ప్రైవేటు సెంటర్లో అడ్వాన్స్ కట్టేముందు జిల్లా కేంద్రంలోని డీఈఐసీ చూడండి, పసిపిల్లల ఎదుగుదల లోపాల్ని త్వరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ సెంటర్ అది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి నడుస్తున్నాయి. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, వినికిడి, చూపు పరీక్షలు ఒకేచోట ఉచితంగా దొరకాలన్నది వీటి ఉద్దేశం. అన్నిచోట్లా అన్ని పోస్టులూ నిండి ఉండవు. స్పీచ్ థెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కుని వెళితే ఒక ప్రయాణం కలిసొస్తుంది. సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న నీపిడ్, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల వరకు పిల్లల కోసం 2021లో అక్కడ ప్రత్యేక కేంద్రం కూడా తెరిచారు. ఆంధ్రలో దక్షిణ జిల్లాల వాళ్లకి నెల్లూరులోని సీఆర్‌సీ (వికలాంగులకి సేవలందించే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం) దగ్గర.

పరీక్షలకి, రోగనిర్ధారణకి నా ఓటు ఈ ప్రభుత్వ కేంద్రాలకే. బాగా నడుస్తున్న చోట బిడ్డని కాళ్లు, మాట, చూపు అని ముక్కలుగా కాకుండా కలిపి చూస్తారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి కళ్లు బాగానే ఉన్నా మెదడు చూపుని సరిగా అందుకోదు. బొమ్మ చూపిస్తే చూడడం లేదంటే బుద్ధి లేదనుకుంటారు గానీ, అది చూపు సమస్య కావచ్చు. ఫిజియో సెంటర్‌కి ఏడాదిపాటు తిరిగినా ఈ సంగతి ఎవరూ గమనించని పిల్లల్ని చూశాను. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాద్‌తో పాటు విశాఖలో, విజయవాడలో ఉంది. డాక్టరు రాసినా రాయకపోయినా చూపు, వినికిడి పరీక్షలు ఒకసారి చేయించండి.

రోజువారీ థెరపీ విషయంలో మాత్రం ప్రైవేటుకి ఒక సౌలభ్యం ఉంది: టైము మనకి వీలైనట్టు దొరుకుతుంది, థెరపిస్టు తరచూ మారకపోతే బిడ్డకి అలవాటవుతుంది. ఫీజు పోల్చేటప్పుడు సెషన్ రేటు ఒక్కటే చూడకండి. ఆటో ఖర్చు, ఆ పూట పోయే కూలి లేదా సెలవు, ఎండలో తిరిగొచ్చాక బిడ్డ తినకుండా పడుకుండిపోయే మధ్యాహ్నం, ఇవన్నీ ఆ ఫీజులో భాగాలే.

హైదరాబాద్‌కి మకాం మార్చాలా

అందరూ అడిగే ప్రశ్న, అందరూ తొందరపడి తేల్చేసే ప్రశ్న కూడా ఇదే. శ్రీకాకుళం నుంచో నాగర్‌కర్నూల్ నుంచో తల్లీబిడ్డలు వచ్చి కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక గది తీసుకుంటారు. నాన్న ఊళ్లో ఉండిపోతాడు. పెద్దపిల్ల అమ్మమ్మ దగ్గర చేరుతుంది. మొదటి నెలల్లో బిడ్డలో మార్పు కనిపిస్తుంది కాబట్టి అందరికీ ధైర్యం వస్తుంది. తర్వాత మార్పు నెమ్మదిస్తుంది. అది మామూలే, ఎదుగుదల అలాగే ఉంటుంది. కానీ అప్పటికి ఆ గదిలో అమ్మ ఒంటరిది. రాత్రి బిడ్డని కాసేపు ఎత్తుకునే ఇంకో మనిషి లేరు. జ్వరం వస్తే మందుల షాపుకి వెళ్లడానికి కూడా బిడ్డని ఎత్తుకునే వెళ్లాలి. ఊళ్లో ఉన్న పాపకి అమ్మ వీడియో కాల్‌లో కనిపించే మనిషి అయిపోతుంది.

కొన్ని సందర్భాల్లో వెళ్లాల్సిందే. ఫిట్స్ మందులకి లొంగకపోతే పిల్లల న్యూరాలజిస్టు దగ్గర్లో ఉండాలి. ముఖ్యంగా ఏడాదిలోపు పసివాళ్లు నిద్రలేచాక వరసగా ఉలిక్కిపడినట్టు ముందుకి ముడుచుకుంటుంటే అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. వైద్యం ఆలస్యమైనకొద్దీ మెదడుకి నష్టం, ఆ రోజే బయల్దేరాలి. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) చేయించిన బిడ్డకి మాట నేర్పే శిక్షణ చాలా నెలలు క్రమం తప్పకుండా కావాలి. అది మీ జిల్లాలో లేకపోతే కొంతకాలం మకాం తప్పదు.

వారానికి ఐదు రోజుల ఫిజియో కోసం మాత్రమే అయితే నేను వద్దంటాను. దానికన్నా మంచి దారి మధ్యలో ఒకటి ఉంది. కొద్దిరోజులు వెళ్లి నేర్చుకుని రావడం, ఇంట్లో చేయడం, రెండు మూడు నెలలకోసారి చూపించుకోవడం. నీపిడ్‌లో దూరాల నుంచి వచ్చే కుటుంబాలు బిడ్డతో కలిసి ఉండడానికి కాటేజీల ఏర్పాటు ఉంది. అక్కడ ఉన్నన్నాళ్లూ బిడ్డకి ఏం చేయాలో ఇంటివాళ్లకి నేర్పి పంపిస్తారు. ముందుగా రాయించుకుని వెళ్లాలి. ఆ కొద్దిరోజులకీ నాన్న కూడా సెలవు పెట్టి వెళ్లాలి, ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. అమ్మ నేర్చుకొచ్చి నాన్నకి చెప్పడం ఇంట్లో ఎప్పుడూ సరిగా జరగదు, తర్వాత ఎవరు చేస్తున్నది సరైనదన్న గొడవ మొదలవుతుంది.

ఇంట్లో చేసేది చిన్నది కాదు

ఇంటి దగ్గర చేయించేది నాసిరకం థెరపీ అన్న అభిప్రాయం బలంగా ఉంది. అందుకని ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను.

మన ఇళ్లలో పసిపిల్లల్ని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉగ్గు పట్టడం అలవాటు. మెడ నిలవని, మింగడం కష్టమైన బిడ్డకి మూడో ఏటా, నాలుగో ఏటా అదే పద్ధతి సాగుతుంటుంది. పడుకోబెట్టి పోసిన జావలో కొంత ఊపిరితిత్తుల వైపు జారుతుంది. తింటుంటే దగ్గు, గొంతులో గురగుర, నెలకోసారి నెమ్ము. ఇంట్లోవాళ్లు చలిగాలి వల్ల అనుకుంటారు. మింగడం గురించి తెలిసిన థెరపిస్టు చేసే మార్పులు చూడ్డానికి చాలా చిన్నవి. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టడం, తల వెనక్కి వాలకుండా గడ్డం కొద్దిగా కిందికి ఉండేలా ఆనింపు ఇవ్వడం, చెంచా పైనుంచి కాకుండా ఎదురుగా, కొంచెం కిందినుంచి తేవడం, ఒక ముద్ద మింగాకే రెండోది. రాగి జావ పల్చగా కాకుండా చెంచా నుంచి మెల్లగా జారేంత చిక్కగా కాచడం. ఏ బిడ్డకి ఎంత చిక్కదనం నప్పుతుందో చూసి చెప్పాలి కాబట్టి ఇది వీడియో చూసి చేసే పని కాదు. ఒకసారి కుదిరితే మాత్రం ఆసుపత్రి తిరుగుడు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, పూటకి గంట పట్టే తిండి త్వరగా అవుతుంది. అమ్మకి రోజులో కొంత సమయం వెనక్కి వస్తుంది. ఇలాంటి ఒక్క సెషన్‌తో పోలిస్తే, నెలంతా కాళ్లు సాగదీయించుకున్న సెషన్లు చాలా తక్కువగా కనిపిస్తాయి నాకు.

తగిన కుర్చీ లేకుండా ఇది కుదరదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీలు ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్లకి వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. క్యాంపు ఎప్పుడో తెలుసుకోవడానికి జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగాలి.

తల్లిదండ్రులకి నేర్పడం పనిచేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను జరిగిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. పెద్ద స్పెషలిస్టులు కాకుండా శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకి నేర్పారు. బిడ్డతో ఆడుకుంటున్న వీడియో తీసి, దాన్నే కలిసి చూస్తూ, బిడ్డ ఇచ్చే చిన్న చిన్న సంకేతాలు ఎలా పట్టుకోవాలో చూపించారు. తల్లిదండ్రులు బిడ్డకి అనుగుణంగా స్పందించడం, బిడ్డ తనంతట తాను పలకరించడం రెండూ మెరుగయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సంరక్షకుల శిక్షణ కూడా ఇదే దారిలో ఉంది: 2 నుంచి 9 ఏళ్ల పిల్లల ఇంటివాళ్ల కోసం 9 బృంద సమావేశాలు, 3 సార్లు ఇంటికి రావడం. అందులో పెంచేవాళ్ల సొంత మనశ్శాంతి కూడా ఒక పాఠం.

అయితే ఒక ప్రమాదం ఉంది. అమ్మ చేతిలో పది వ్యాయామాల కాగితం పెట్టి రోజుకి మూడుసార్లు చేయించమనే హోమ్ ప్రోగ్రామ్ సాయం కాదు, మరో బరువు. చేయలేకపోయిన రోజు తన వల్లే బిడ్డ వెనకబడుతున్నాడని ఆవిడ ఏడుస్తుంది. స్నానం, చొక్కా తొడగడం, తిండి, ఎత్తుకోవడం, ఎలాగూ చేసే ఈ పనుల్లోనే కలిసిపోయే రెండు విషయాలు చెప్పమని థెరపిస్టుని అడగండి. అందులో ఒకటి నాన్నదో తాతయ్యదో కావాలి.

అమ్మకి విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది

కొన్ని రోజులపాటు బిడ్డని ఉంచుకుని చూసుకునే కేంద్రాలు నేషనల్ ట్రస్ట్ (ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ) వారి సమర్థ్ పథకం కింద ఉన్నాయి. పదేళ్ల లోపు పిల్లలకి పగటి పూట దిశ కేంద్రాలు ఉన్నాయి. ఇవి మన దగ్గర తక్కువ. మీకు దగ్గర్లో ఉంటే అదృష్టమే, ముందు పగటి పూట కొన్ని గంటలతో మొదలుపెట్టండి. చాలా కుటుంబాలకి విశ్రాంతి ఇంట్లోనే ఏర్పాటు చేసుకోవాల్సి వస్తుంది.

మనిషిని పెట్టుకునే స్తోమత ఉంటే బిడ్డకి ఆయాని పెట్టాలా, ఇంటిపనికి మనిషిని పెట్టాలా? చాలామంది ఆయా వైపు మొగ్గుతారు. నేను ఇంటిపని మనిషి వైపు. గిన్నెలు, బట్టలు, వంట ఇంకొకరు చూసుకుంటే ఆ సమయం బిడ్డకి, పెద్దపిల్లకి, నిద్రకి పోతుంది. బిడ్డ తిండి తీరు తెలియని ఆయాలు రెండు నెలలకొకరు మారుతుంటే ప్రతిసారీ మొదటి నుంచి నేర్పాలి. ట్యూబ్‌తో ఆహారం, గొంతులో కఫం మెషీన్‌తో తీయాల్సిన అవసరం ఉన్న బిడ్డ అయితే లెక్క మారుతుంది. అప్పుడు శిక్షణ ఉన్న నర్సు వారానికి రెండు రాత్రులైనా రావాలి, డబ్బు ముందు దానికే కేటాయించండి.

నాన్నమ్మ, అమ్మమ్మ, పిన్ని సాయం చేయకపోవడానికి ప్రేమ లేకపోవడం కన్నా భయమే పెద్ద కారణం. నా దగ్గర ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే ఎలా? ఆ భయానికి మందు గోడ మీద అంటించే ఒక కాగితం. ఫిట్స్ రాగానే టైము చూసుకోవాలి. బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, నీళ్లు, వేలు ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టాల్సిన పనిలేదు, ఆ నిమిషం మందు వెతకడానికి వాడాలి. ఐదు నిమిషాలు దాటితే, లేదా మీ డాక్టరు చెప్పిన టైముకి, ముక్కులో కొట్టే స్ప్రే లాంటిది రాసి ఉంటే అది వాడి 108కి ఫోన్ చేయాలి. మందు పేరు, ఎంత వాడాలి, ఏ అలమారలో ఉంది, డాక్టరు నంబరు. ఇది డాక్టరుతో రాయించుకుని, నాన్నమ్మని కూడా ఒకసారి క్లినిక్‌కి తీసుకెళ్లి ఆయన నోటితోనే చెప్పించండి. దిష్టి అని, కోడలి జాతకమని మాట్లాడే పెద్దవాళ్లు డాక్టరు ముందు కూర్చుని విన్నాక మెత్తబడడం చాలాసార్లు చూశాను. అలా ఒకరికి ధైర్యం వస్తే అమ్మ చెల్లెలి పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఉండి రాగలదు.

పెద్దపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తమ్ముడికి ఏమైందో ఎవరూ చెప్పకపోతే వాళ్లే ఏదో ఊహించుకుంటారు, కొన్నిసార్లు తప్పు తమదే అనుకుంటారు. వయసుకి తగ్గట్టు నిజం చెప్పండి. రోజుకి అరగంట ఆ పాపకే చెందాలి. ఆ అరగంట ఇవ్వలేని థెరపీ టైంటేబుల్ ఎంత గొప్పదైనా మార్చండి.

బడి, అంగన్‌వాడీ, తల్లిదండ్రుల గ్రూపులు

మూడేళ్లు దాటితే అంగన్‌వాడీకి రోజుకి గంటైనా పంపండి. దివ్యాంగ పిల్లల కోసం 2023 నవంబరులో కేంద్రం ప్రత్యేక విధివిధానాలు ఇచ్చింది కాబట్టి మా వల్ల కాదని పంపేయడం కుదరదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే భవిత కేంద్రాలు ఉన్నాయి. కదల్లేని పిల్లల ఇంటికే టీచర్ వచ్చే ఏర్పాటు కూడా సమగ్ర శిక్ష కింద ఉంది.

వాట్సాప్ గ్రూపుల్లో ఏ క్యాంపు ఎక్కడ, ఏ కాగితం ఎవరి దగ్గర అన్న సమాచారం ఇంకెక్కడా దొరకనంత త్వరగా దొరుకుతుంది. అర్ధరాత్రి మెసేజ్ పెడితే జవాబిచ్చే మరో అమ్మ ఉంటుంది, దాని విలువ నేను తక్కువ చేయను. వైద్యం మాత్రం అక్కడ ఎంచుకోకండి. ముఖ్యంగా స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు ఎక్కించే వైద్యం. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకి తప్ప మిగతా వాటికి ఇది పరిశోధన దశలోనే ఉంది, డబ్బు తీసుకుని చేయకూడదు. ఆటిజంకి, సెరిబ్రల్ పాల్సీకి లక్షలు అడిగేవాళ్ల మాట విని పొలం అమ్మకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి దారి వేరు. మూడేళ్ల లోపు పిల్లలకి అక్కడ ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్న వయసులోనే మొదలుపెట్టే థెరపీ, సాయం) ఇంటికే వస్తుంది, మూడు దాటాక బాధ్యత ఆ ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. కుటుంబం దేన్ని ముఖ్యం అనుకుంటోందో ప్రణాళికలో రాయాలని అక్కడి చట్టమే చెబుతుంది. మన దగ్గర అలాంటి నియమం లేకపోయినా ఆ మాట అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "మాకు ముందు రాత్రి నిద్ర కావాలి, నడక సంగతి తర్వాత చూద్దాం" అని థెరపిస్టుకి చెప్పొచ్చు.

ఏ సెంటర్‌కి వెళ్లినా మొదటి రోజు ఒక ప్రశ్న వేయండి: సెషన్ జరుగుతున్నప్పుడు నేను లోపల కూర్చోవచ్చా? తలుపు వేసి బయట కూర్చోమనే చోటు, ఎంత పేరున్నదైనా, నా జాబితాలో చివరికి పోతుంది. లోపల ఏం జరిగిందో తెలియని అమ్మానాన్నలు ఇంట్లో ఏమీ చేయలేరు.

కాగితాలు, డబ్బు

అన్నిటికీ తాళంచెవి వైకల్యం ఎంత శాతమో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు యూడీఐడీ. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టొచ్చు. ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000. తెలంగాణలో 2023లో పెంచిన తర్వాత 4,016. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది. మామూలు బీమాలు ఇవ్వని ఓపీ ఖర్చులు, థెరపీ ఖర్చులు కూడా ఇందులో కొంతవరకు వస్తాయి. ముందు మనం కట్టి తర్వాత తెచ్చుకోవాలి కాబట్టి ప్రతి బిల్లూ దాచండి, ఏటా రెన్యువల్ మర్చిపోకండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తల్లికి 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది, వైకల్యం ఉన్న బిడ్డ అయితే వయసు పరిమితి లేదు. అలాంటి బిడ్డని చూసుకునే కేంద్ర ఉద్యోగులకి మామూలు బదిలీల నుంచి మినహాయింపు 2014 నుంచి ఉంది. ఈ మినహాయింపుని నాన్నలు కూడా అడగొచ్చు, చాలామంది అడగరు.

పసిపిల్లలకి సర్టిఫికెట్ సాధారణంగా తాత్కాలికంగానే ఇస్తారు. అది అయిపోతే పింఛను, బీమా రెండూ ఇరుకున పడతాయి. కార్డు మీద గడువు తేదీ చూసి, దానికి మూడు నెలల ముందే స్లాట్ కోసం మీసేవలోనో సచివాలయంలోనో అడగండి. క్యాంపు రోజు తెల్లవారుజామునే లైన్లో నిలబడాల్సి రావచ్చు, బిడ్డ తిండి, మందులు, మార్చే బట్టలు సంచిలో పెట్టుకుని ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి.